రాణి అక్షరాల కింద రాజు బెజ్జాలు

2022 నవంబరు. శామీర్‌పేట బస్టాపు వెనక సందులో మా మగ్గం గది. రేకుల కప్పు, ఉత్తరం వైపు పెద్ద కిటికీ, రెండు మగ్గాలు, ఒక ఇనుప బీరువా. కిటికీ పక్కన కూర్చుంటే సాయంత్రం ఐదు దాకా లైటు వేయాల్సిన అవసరం లేదు. వేసినవాళ్ళను నేను ఊరుకోను.

నేను చదివింది నాలుగో తరగతి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పాతబస్తీలో ఒక ముసలి ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను. నాలుగు కర్రల చట్రానికి బట్టను బిగించి, దాని మీద కొక్కెం ముక్కున్న ఆరి సూదితో తీగ, పూసలు, జర్దోసి కుట్టడమే మగ్గం పని. జర్దోసి అంటే సన్నని స్ప్రింగులాగా చుట్టిన బంగారు రంగు తీగ. దాన్ని వడ్లగింజంత ముక్కలుగా కత్తిరించి, పూసను గుచ్చినట్టు సూదికి గుచ్చి కుడతాం. కుట్టే ముందు ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంట సూదితో బెజ్జాలు పొడుస్తాం. ఆ కాగితాన్ని ఖాకా అంటాం. దాని మీద తెల్ల పొడి రుద్దితే బొమ్మ బట్ట మీదికి దిగుతుంది.

ఉస్తాద్ నాకు రెండు పద్ధతులు నేర్పాడు. పాత పని ఊడదీసే ముందు దాని మీద పల్చని కాగితం వేసి బొగ్గుతో రుద్ది అచ్చు తీసుకోవాలి. ఊడదీసిన తీగలో ఒక్క ముక్క కూడా ఊడ్చి పారేయకూడదు. మొదటిది ఆయన మాట మీద చేశాను. రెండోది ఆయన చెప్పకపోయినా చేసేదాన్నే.

ముప్ఫై ఏళ్ళకు పైగా కుట్టినవన్నీ పెళ్ళి బ్లౌజులు, ఓణీలు, చర్చిలో బల్ల మీద పరిచే గుడ్డలు. అన్నీ గుర్తుండవు. ఒక కోటు మాత్రం గుర్తుంది.

ఆ రోజు పొద్దున్నే స్రవంతి వచ్చింది. మేడ్చల్ పిల్ల, ఇక్కడి లా కాలేజీలో చదువుతుంది. వాళ్ళ అక్క పెళ్ళి బ్లౌజులు మేమే కుట్టాం. వెంట ఇంకో అమ్మాయి ఉంది. పొడుగ్గా, నల్లగా, తల నిండా సన్నని జడలు. సందులోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మం దగ్గరికి చేరారు. నా దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్న రజిత సూది గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"రజితా, నువ్వు సూడాల్సింది సూదిని. మనిషిని గాదు," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి, "నమస్తే అవ్వా," అంది. పేరు గ్రేస్. క్రికెట్ ఆడే వెస్టిండీస్ వైపు ఒక చిన్న దీవి వాళ్ళది. ఏడాది చదువుకని మన కాలేజీకి వచ్చింది. ఆ దీవి పేరు చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు.

స్రవంతి ప్లాస్టిక్ కవరు విప్పింది. "అవ్వా, ఇయ్యాల బ్లౌజు గాదు. కోటు తెచ్చినం."

"కోట్లు కుట్టేది దర్జీలు. బజార్ల ఉన్నరు, పో."

"ముందు సూడవ్వా. తర్వాత తిట్టు."

ముదురు నీలం ఉన్ని కోటు. ఎడమ రొమ్ము మీద అరచేతంత బంగారు గుర్తు. పైన కిరీటం, కింద రెండు ఇంగ్లీషు అక్షరాలు, వాటి నడుమ రెండు నిలువు గీతలు. తీగ నల్లబడింది, కిరీటంలో సగం ముక్కలు ఊడి వేలాడుతున్నాయి, అక్కడక్కడ పురుగు తిన్నది. అయినా ఆ పనితనం చూడగానే నా వీపు నిటారుగా అయింది. ఒక్కో ముక్క పక్క ముక్కతో జానెడు దూరం నుంచి చూస్తే కలిసిపోయి, దగ్గర్నుంచి చూస్తే విడివిడిగా ఉంది. మెషీను పని కాదు. ఎవరో కూర్చుని కుట్టారు.

కోటు గ్రేస్ నాయినది. స్రవంతి తెలుగులో చెప్పింది. "వాళ్ళ పార్లమెంటుల మేస్ అని బంగారు పూత దండం ఉంటదవ్వా. అది లోపలికి రాకుంటే సభనే మొదలుగాదు. దాన్ని భుజం మీద పెట్టుకొని అందరికంటే ముందు నడిచేది గీమె నాయిన."

"అంటే మన దర్వాను లెక్కనా?" అంది రజిత.

"దర్వాన్ గాదక్కా. ఆయన ముందల నడవకుంటే మంత్రులు సుత బయటనే నిలబడాలె."

ఆ అక్షరాలు ఇంగ్లాండు రాణివి. ఆమె ఆ సెప్టెంబరులోనే పోయింది. టీవీలో చూశాను, మా చర్చిలో ప్రార్థన కూడా చేశారు. కానీ ఎక్కడో దీవిలో ఉండే మనిషి రొమ్ము మీద ఆమె పేరెందుకని నాకు అర్థం కాలేదు. "మీకు స్వతంత్రం రాలేదా బిడ్డా?" అని అడిగాను.

గ్రేస్ నొచ్చుకోలేదు. నెమ్మదిగా చెప్పింది, స్రవంతి తెలుగు చేసింది. స్వతంత్రం వాళ్ళ నాయిన చిన్నప్పుడే వచ్చింది. చట్టాలు వాళ్ళవే, ఓట్లు వాళ్ళవే, మంత్రులు వాళ్ళవాళ్ళే. ఇంగ్లాండు మాట అక్కడ నడవదు. కానీ రాజుగానో రాణిగానో ఉండే మనిషి మాత్రం ఒక్కరే. ఇప్పుడైతే ఆ రాణి కొడుకు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళకూ ఆయనే. ఇంగ్లాండుతో కలిపి పదిహేను దేశాలు. అయితే ఆయన ప్రతి దేశానికీ విడిగా రాజు. కెనడాకు రాజుగా ఉన్నప్పుడు కెనడా మంత్రుల మాటే వినాలి, ఈ దీవికి రాజుగా ఉన్నప్పుడు దీవి మంత్రుల మాటే వినాలి. ఆయన పేరు మీద అక్కడ సంతకాలు పెట్టేది కూడా ఆ దేశపు మనిషే. గవర్నర్ జనరల్ అంటారు.

నాకు తెలిసిన పనిలో పెట్టి చూసుకున్నాను. "అంటే ఖాకా ఒకటే. దాంతోని పదిహేను బట్టల మీద కుట్టిన్రు. ఒక బట్ట మీద ఊడదీస్తే ఇంకో బట్టకు ఏంగాదు."

గ్రేస్ చప్పట్లు కొట్టింది. "పోయినేడు మా పక్క దీవి ఊడదీసుకుంది," అని చెప్పింది. కొట్లాట లేదు, తిట్లు లేవు. వాళ్ళ చట్టం ప్రకారం మార్చుకుని, తమ మనిషినే రాష్ట్రపతిగా పెట్టుకున్నారు. ఆ వేడుకకు రాణి కొడుకునే పిలిస్తే ఆయన వచ్చి, కూర్చుని, చూసి వెళ్ళాడట. ఆ మాట నాకు చాలా నచ్చింది. మా వాడలో ఇంటి నడుమ గోడ కట్టుకున్న అన్నదమ్ములు ఒకరి శుభకార్యానికి ఒకరు రారు. తెంచుకోవడంలోనూ మర్యాద పాటించేవాళ్ళు దేశాలకు దేశాలే ఉన్నారన్నమాట.

"మనది సుత అంతేనవ్వా," అంది స్రవంతి. "స్వతంత్రం వచ్చినంక రెండున్నరేండ్లు ఆ రాణి నాయినే మన దేశానికి పేరుకు రాజు. మన రాజ్యాంగం మనం రాసుకున్నంకనే అది ఆగింది."

"మా నాయినకు ఎరుకైన రాజు నిజాం ఒక్కడే," అన్నాను. "ఇగ పని సంగతి జెప్పు."

గ్రేస్ కోరింది ఇది. రాణి పోయింది, కొడుకు రాజయ్యాడు. వాళ్ళ కోర్టుల్లో 'రాణి వకీళ్ళు' అనిపించుకునే పెద్ద వకీళ్ళు ఆమె పోయిన గడియ నుంచే 'రాజు వకీళ్ళు' అయిపోయారట. అలాగే, రిపేరుకని నాయిన దగ్గర తీసుకొచ్చిన ఈ కోటు మీద అక్షరాలు కూడా మార్చి, కొత్తగా చేసి, ముందుగా చెప్పకుండా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాలని ఆమె ఆశ. జనవరిలో ఆయన ఆఖరి సభ. ఆ తర్వాత రిటైరు. మూడు వారాల్లో గ్రేస్ ఊరికి పోతుంది. కొత్త రాజు గుర్తు ఫోనులో చూపించింది.

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకో దాచను. చనిపోయిన మనిషి పేరు బతికున్న మనిషి రొమ్ము మీద ఉండడం మంచిది కాదని నాకు ఒక పట్టింపు. చర్చికి పోతాను, బైబిలు చదివించుకుని వింటాను, అయినా ఆ పట్టింపు పోలేదు. అందుకే ఇంకో మాట అడగకుండా కోటు తీసుకున్నాను.

ముందు బొగ్గుతో అచ్చు తీశాను. తర్వాత కోటును చట్రానికి బిగించి, లైనింగు విప్పి, వెనక నుంచి దారం ఒక్కటే తెంపుతూ వచ్చాను. అలా తెంపితే తీగ ముక్కలు చెడకుండా రాలతాయి. రాలినవి రాలినట్టే పాత బిస్కెట్ డబ్బాలో వేశాను. వారం పట్టింది. అక్షరాలు పోయాయి, కిరీటం పోయింది.

చివరి ముక్క తీశాక రజిత వంగి చూసింది. "పెద్దమ్మా, గిది సూడు. కింద ఇంకోటుంది."

బట్టను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాను. రాణి అక్షరాల బెజ్జాలు ఒక వరస. వాటి కింద ఇంకా పాతవి, ఇంకో వరస. పాత కిరీటం వేరుగా ఉంది. రాణి కిరీటం పైన నడుమ లోపలికి కుంగి ఉంటుంది. దీనిది గుమ్మటంలా గుండ్రంగా ఉంది. అక్షరం కూడా వేరే.

"ఇది 'జి' లెక్కుంది," అంది రజిత. ఫోనులో ఫొటో తీసి స్రవంతికి పంపింది.

సాయంత్రం ఇద్దరూ పరుగున వచ్చారు. స్రవంతి ఒగరుస్తూనే చెప్పింది. "అవ్వా, అది రాణి నాయిన అక్షరం. డెబ్బై ఏండ్ల కిందటిది. అప్పుడు దీవి ఇంకా ఇంగ్లాండు కిందనే ఉండె. కోటు అప్పటిసంది ఒకరి చేతులకెంచి ఒకరి చేతులకు వస్తాంది."

కోటు మనిషిది కాదు, ఆ ఉద్యోగానిది. వేసుకున్నవాళ్ళు దిగిపోతూ తర్వాతివాళ్ళకు ఇస్తూ వచ్చారు. ఏడాదికి నాలుగైదు రోజులే వేసుకుంటారు కాబట్టి బట్ట ఇంకా నిలిచింది. రజిత కొత్త రాజు గుర్తు ఫోనులో పెద్దది చేసి బట్ట పక్కన పెట్టింది. కొత్త రాజు కిరీటం కూడా గుండ్రంగానే ఉంది. తాత బెజ్జాల్లో మనవడి కిరీటం సరిగ్గా కూర్చుంటుంది.

గ్రేస్‌కు సంతోషం ఆగలేదు. ఇంక దాచడం ఎందుకని అక్కడికక్కడే నాయినకు వీడియో కాల్ చేసింది. మాకు సాయంత్రం, ఆయనకు పొద్దున. నెరిసిన జుట్టు, బక్కపల్చని మనిషి, వంటింట్లో నిలబడి టీ కలుపుకుంటున్నాడు. గ్రేస్ బట్టను చూపించింది. ఆయన చెంచా కింద పెట్టాడు. ఫోను దగ్గరికి లాక్కుని చూశాడు. ఆ తర్వాత మాట్లాడింది గట్టిగా కాదు, కానీ గ్రేస్ ముఖం పాలిపోయింది.

"ఏమంటున్నడే?" అని స్రవంతిని అడిగాను.

"రిపేరుకే పర్మిషన్ ఇచ్చిన్రంట అవ్వా. అక్షరాలు మార్చనీకి గాదు. కొత్త రాజు గుర్తు ఎట్లుండాల్నో వాళ్ళ దేశం ఇంక చెప్పలే. అది చెప్పేదాంక రాణి గుర్తే నడుస్తది. ఫోన్ల బొమ్మ జూసి కుట్టుకుంటే ఆ కోటుతోని సభలకు రానియ్యరు. గుర్తు లేకున్నా రానియ్యరు."

"అంటే ఆఖరి రోజు..."

"ఇంట్ల కూసునుడే."

ఆయన ఇంకో మాట అన్నాడు. స్రవంతి అది చెప్పడానికి కాస్త తడబడింది. "ఆ రాణి పేరు మీద ప్రమాణం జేసి పనిల చేరిన, ఆ పేరుతోనే దిగిపోదామనుకున్న అంటున్నడు."

గ్రేస్ ఫోను పెట్టేసి ఏడ్చింది. అప్పుడు తెలిసింది నాకు ఇంకో సంగతి. తమ దీవి కూడా పక్క దీవిలాగా రాజును వదులుకోవాలని వాదించే పిల్లల్లో ఈమె ముందుంటుంది. నాయినకు అది ఇష్టం లేదు. ఇద్దరూ అన్నం ముందు కూర్చుని వాదించుకుంటారు. అంత వాదించే పిల్ల, నాయిన మర్యాద కోసం రాజు అక్షరాలు కుట్టించాలని సముద్రాలు దాటించి కోటు తెచ్చింది. ఇప్పుడు తన నమ్మకం కొద్దీ కావాలనే చెడగొట్టిందని నాయిన అనుకుంటాడేమోనని దాని భయం.

"ఏడిస్తే బట్ట తడుస్తది. లే," అన్నాను. "తప్పు నీదొక్కదానిదే గాదు. ఎవరి అక్షరాలు కుట్టాల్నో అడిగిన. కోటు ఎవరేసుకుంటరు, వాళ్ళను అడిగినవా అని అడగలే. ముప్ఫై ఏండ్ల పని నాది."

"సచ్చిపోయినోళ్ళ పేరు మంచిది గాదని నువ్వే జల్దీ జేసినవ్ పెద్దమ్మా," అంది రజిత. దానికి నోరు ఎక్కువ. "మా అత్త పోయి ఆరేండ్లాయె. ఆమె పేరు చెక్కిన స్టీలు బిందెలనే రోజూ నీళ్ళు పడుతున్న. పేరు గీకేసుకున్ననా?"

మా ఇంట్లో కూడా మా అత్త పేరున్న గంగాళం ఉంది. పెళ్ళికి పెట్టినవాళ్ళ పేర్లతో చెంబులున్నాయి. వాళ్ళలో సగం మంది లేరు. ఆ పేర్లను ఎవరైనా గీకితే నేను ఊరుకుంటానా? ఇన్నేళ్ళలో ఆ రెండింటినీ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

బిస్కెట్ డబ్బా దింపాను. అచ్చు కాగితం తీశాను. "ఎన్ని దినాలున్నయ్?"

"పన్నెండు," అంది స్రవంతి.

"పదకొండు అనుకో. ఒక దినం లైనింగుకు గావాలె."

చేతిలో ఉన్న పెళ్ళి బ్లౌజును రజితకు ఇచ్చి, నేను కోటు ముందు కూర్చున్నాను. డబ్బాలోని ముక్కలను తెల్ల గుడ్డ మీద పోసి మంచివీ విరిగినవీ వేరు చేశాం. మూడింట రెండు వంతులు మిగిలాయి. తక్కువ పడిన వంతుకు కొత్త తీగ కొన్నాను. కానీ పాత తీగ పక్కన కొత్తది పెట్టుడు పన్నులాగా మెరిసింది. అక్షరాలన్నీ పాతవాటితో, కిరీటం కొత్తవాటితో చేస్తే రెండు వేర్వేరు బట్టల మీదివి తెచ్చి అతికించినట్టుంటుంది. అందుకని రెండు పాతవి, ఒకటి కొత్తది, మళ్ళీ రెండు పాతవి, ఒకటి కొత్తది. మొదటి నుంచి చివరి దాకా అదే లెక్కలో కలిపి కుట్టాను. కింద దారంతో మెత్త వేసి, దాని మీద రాణి బెజ్జాల్లోనే సూది దింపాను. ఆ బెజ్జాలే నాకు దారి చూపించాయి.

గ్రేస్ రోజూ క్లాసు అయ్యాక వచ్చి నేల మీద కూర్చునేది. తీగ ముక్కలను వరసగా అందించేది. మూడో రోజు నుంచి రెండు, ఒకటి లెక్క తప్పలేదు. ఒకరోజు, "రాజు వద్దనేదానివి, రాణి కిరీటానికి ముక్కలు అందిస్తున్నవ్ ఎందుకే?" అని అడిగాను.

స్రవంతి అడిగి చెప్పింది. "వద్దనుకునుడు మా దేశం పని, మా ఓటుతోని ఐతది. మా నాయిన కోటు మీద నా కత్తెరతోని గాదు అంటాంది."

చదువు అంటే అది. కాలేజీలోనిది నాకు తెలియదు గానీ, ఆ మాట మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది.

ఒక పని మాత్రం నేను చేయలేదు. ఏ పాత పని ఊడదీసినా, పక్కన కనబడే బెజ్జాల మీద ఆవిరి పట్టి గోటితో రుద్ది మూసేస్తాం. అది శుభ్రమైన పనికి గుర్తు. ఈ కోటు మీద గుండ్రటి కిరీటం బెజ్జాలను డెబ్బై ఏళ్ళ కింద రాణి గుర్తు కుట్టిన మనిషి మూయలేదు. చేతకాక కాదు, అంత చేయి తిరిగిన మనిషికి అది నిమిషం పని. మళ్ళీ ఎవరికైనా అవసరం పడుతుందని వదిలేశారు. ఆ మనిషి ఎవరో, ఏ దేశమో, ఆడో మగో తెలియదు. ఆ చేతికి మనసులోనే దండం పెట్టి నేను కూడా మూయలేదు.

పన్నెండో రోజు లైనింగు వేశాను. కోటును గోడ మేకుకు తగిలించి నలుగురం దూరంగా నిలబడి చూశాం. కొత్తదిలా లేదు. బాగా చూసుకున్న పాతదానిలా ఉంది. గ్రేస్ నాయినకు ఫోను కలిపింది. ఆయన గుర్తును పైనుంచి కింది దాకా చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎందుకు లేచిండు?" అన్నాను.

"నీకోసం అవ్వా," అంది స్రవంతి. "గట్ల లేస్తే సలాం జేసినట్టు."

నేను కొంగు సర్దుకున్నాను.

కోటు లోపలి జేబులో రెండు కాగితాలు చుట్టి పెట్టాను. ఒకటి రాణి గుర్తు ఖాకా. రెండోది గుండ్రటి కిరీటం వరకే తీసిన ఖాకా. అక్షరాలు వాళ్ళ దేశం కాగితం వచ్చాక వేసుకుంటారు. గ్రేస్ రెండూ చూసి, "మూడోది?" అని తెలుగులోనే అడిగింది. వాళ్ళ దేశపు పక్షి ఒకటి ఉందట, ఏదో ఒక రోజు కిరీటం జాగాలో అది రావాలని దాని కోరిక. నేను ఒక తెల్ల ట్రేసింగ్ కాగితం తీసి, మడతపెట్టి, అదే జేబులో పెట్టాను. ట్రేసింగ్ కాగితం ఊరికే ఇవ్వడం నా అలవాటు కాదని రజితకు తెలుసు.

జనవరి నెలాఖరులో ఫొటో వచ్చింది. ఎర్ర తివాచీ, రెండు పక్కలా నిలబడ్డ జనం, అందరికంటే ముందు బంగారు దండం భుజాన పెట్టుకున్న బక్క మనిషి. రొమ్ము మీద గుర్తు చిన్న చుక్కలా కనబడుతుంది. కెమెరా పట్టింది గ్రేస్. ఆ కోటును ఆయన ఆ సాయంత్రమే విప్పి, తన తర్వాత ఆ పనికి వచ్చిన ఒక ఆవిడకు తన చేత్తోనే తొడిగాడట. భుజాలు కొంచెం వదులట. భుజాలు సరిచేసేది దర్జీలు, మేం కాదు.

అప్పటి నుంచి మా గదిలో ఒక పద్ధతి వచ్చింది. పాత పని ఊడదీయమని ఎవరు తెచ్చినా, చీరైనా, బ్లౌజైనా, చిన్నపిల్ల గౌనైనా, కత్తెర పట్టేముందు రజిత ఒక ప్రశ్న అడుగుతుంది. "ఇది ఎవరేసుకుంటరు? వాళ్ళకు ఎరుకేనా?" కొందరు చిరాకు పడతారు. ఇద్దరు ముగ్గురు తిరిగి ఇంటికెళ్ళి, అడిగి వచ్చారు. ఒకామె మళ్ళీ రానేలేదు. వాళ్ళ అమ్మ వద్దని ఉంటుంది.

మొన్న గ్రేస్ వాయిస్ మెసేజి పంపింది. తెలుగు కొంచెం మర్చిపోయింది, అయినా కూడబలుక్కుని మాట్లాడింది. "అవ్వా, మా పక్షి కుట్టే రోజు వస్తది. కోటు నీకాడికే తెస్త."

నేను కూడా వాయిస్‌లోనే పంపాను. "తే బిడ్డా. నా కండ్లు పనిజేయకుంటే రజిత కుడతది. గాని ఆ కోటు అప్పుడు ఎవరు ఏసుకుంటున్నరో, ముందుగాల వాళ్ళను అడిగి తే."